శెట్టి పథ్యం, రెడ్డి సీసా

వేంపల్లె బజారులో బెల్లం అంగడి నాగసుబ్బయ్యకు చక్కెర జబ్బు ఉందని తేలిన నాడు ఊళ్ళో ఎవరూ ఆశ్చర్యపోలేదు. ఆయన అంగడి గడప దాటాలంటే ముందు పొట్ట వచ్చేది, తరువాత మనిషి వచ్చేవాడు. బెల్లం తూచేటప్పుడు తక్కెడలోంచి రాలిన పలుకు నేల మీద పడగా చూసినవాళ్ళు లేరు. అది నేరుగా ఆయన నోట్లోకే పోయేది.

కర్నూలు ఆంధ్ర రాష్ట్రానికి రాజధానిగా ఉన్న రోజులవి. మద్రాసులో చదువుకుని వచ్చిన ప్రకాశం అనే డాక్టరు కడపలో కొత్తగా ఆసుపత్రి పెట్టాడు. నాగసుబ్బయ్యకు కాళ్ళు తిమ్మిర్లెక్కి, ఎన్ని నీళ్ళు తాగినా నోరు పిడచకట్టుకుపోతుంటే, భార్య రాజ్యలక్ష్మమ్మ ఆయన్ను బస్సెక్కించి అక్కడికి తీసుకుపోయింది.

డాక్టరు గాజుగొట్టంలో నీలం మందు పోసి, అందులో నాగసుబ్బయ్య మూత్రం కొన్ని చుక్కలు వేసి, స్పిరిటు దీపం మీద కాచాడు. నీలం పచ్చగా మారింది. పచ్చ పసుపయింది. చూస్తుండగానే పసుపు కాస్తా ఇటుక రంగుకు తిరిగింది.

"చక్కెర లేకపోతే నీలం నీలంగానే ఉంటుంది," అన్నాడు డాక్టరు. "మీది చూశారుగా. ఈ రోజు నుంచి అన్నం లేదు, సంగటి లేదు. కొర్ర, జొన్న, సద్ద ఏదీ లేదు. బెల్లం పేరెత్తకండి. అరటిపండు, మామిడిపండు కూడా వద్దు."

"మరి బతికేదెట్ల సామీ?"

"నెయ్యితో బతకండి. ఇన్నాళ్ళూ మీ ఒళ్ళు పిండితో, బెల్లంతో నడిచింది. ఇక మీదట దానికి నెయ్యితో, వెన్నతో నడవడం నేర్పిద్దాం. ఆకుకూరలు, వంకాయ, బీరకాయ, దోసకాయ, టెంకాయ, నువ్వులు, గట్టి పెరుగు... చేలోంచి, చెట్టు మీంచి, పాడి నుంచి వచ్చినవాటిని వచ్చినట్టే వండుకు తినండి. డబ్బాలో వచ్చే వనస్పతి వద్దు, హోటలు బజ్జీలు అసలే వద్దు. మొదట్లో తల నొస్తుంది, నీరసం వస్తుంది. ఉప్పేసిన మజ్జిగ తాగుతుండండి. నెల తరువాత పొద్దుటి మూత్రం శుభ్రమైన సీసాలో పట్టి తీసుకురండి. ఏం తిన్నారో మీరు చెప్పనక్కర్లేదు. అదే చెబుతుంది."

ఆ చివరి మాట రాజ్యలక్ష్మమ్మకు బాగా నచ్చింది.

మరునాటి నుంచి ఆ ఇంట్లో బియ్యం డబ్బా అటక ఎక్కింది. ఆమె సిర్రాకు అనే ఆకుకూర వండి పైన నెయ్యి పోసేది. వంకాయలు చీల్చి నువ్వుల పొడి, ఎండు టెంకాయ కూరి పెట్టేది. బీరకాయ పెరుగుపచ్చడి చేసేది. ఆమె చేతి వంటకు వంక పెట్టవలసిన పని లేదు. కానీ నాగసుబ్బయ్య విస్తరి ముందు కూర్చుని, కూరల మధ్య ఖాళీగా ఉన్న చోటును, అన్నం ఉండవలసిన చోటును, పోయిన చుట్టాన్ని తలుచుకున్నట్టు చూసేవాడు.

"ఇది కూరప్పా, ఒప్పుకుంటా. దీన్ని కలుపుకోను ఏమన్నా ఉండాల గదే?"

"నెయ్యి ఉండాది, కలుపుకోండి."

"కూరలో కూర కలుపుకుంటే కూరే అవుతాది గదే, రాజ్యం."

"అయితే కూరే తినండి," అని ఆమె ఇంకో గంటె వడ్డించేది.

కొన్నాళ్ళు ఆయన నిజంగానే ఓర్చుకున్నాడు. తల నొచ్చింది, మజ్జిగ తాగాడు, తగ్గింది. ఇక అంతా సవ్యంగా సాగుతుందనుకునే వేళకు బజారులో ఒక మాట పుట్టింది. బెల్లం శెట్టి తన బెల్లం తానే తినడంట, దాంట్లో ఏం కలిపినాడో ఏమో అని. ఆ మాట ఎవరు పుట్టించారో తెలియదు. నాగసుబ్బయ్యే పుట్టించాడని తరువాత రాజ్యలక్ష్మమ్మ అనేది. ఏమైతేనేం, వ్యాపారం నిలబెట్టుకోవడానికి గిరాకీ వచ్చినప్పుడల్లా ఆయన ఒక పలుకు చిదిమి, వాళ్ళ ఎదుటే నోట్లో వేసుకుని, "చూడప్పా, మంచి సరుకు. నేనే తింటాండా," అని చూపించవలసి వచ్చింది. గిరాకీ లేని వేళ కూడా, ఎవరైనా దూరం నుంచి చూస్తుంటారేమోనని, ఒకటో రెండో తిని చూపించేవాడు.

డాక్టరు దగ్గరికి పోవలసిన రోజు దగ్గరపడేసరికి ఆయనకు భయం పట్టుకుంది. డాక్టరు ఏమంటాడోనన్న భయం కాదు. పక్కన కూర్చోబోయే రాజ్యలక్ష్మమ్మను తలుచుకుంటేనే భయం.

ఊరి బయట అరటితోట రైతు ఓబుల్‌రెడ్డి ఆయనకు చిన్ననాటి స్నేహితుడు. ఎండిన తుమ్మకొయ్యలాంటి మనిషి, ఒంటి మీద చిటికెడు కొవ్వు లేదు. పొద్దున్నే ఇంత లావు సంగటి ముద్ద, దాని మీద బెల్లప్పాకం, ఆ పైన చెంబుడు నీళ్ళు, మళ్ళీ చెంబుడు నీళ్ళు. ఆసుపత్రి వాకిలి ఎట్లా ఉంటుందో తనకు తెలియదని పదిమందిలో చెప్పుకునేవాడు. కడపకు పోవలసిన రోజు నాగసుబ్బయ్య తెల్లవారుతూనే ఒక ఖాళీ సీసా పంచె మడతలో దోపుకుని తోటకు పోయాడు.

"రెడ్డీ, నీ ఒంట్లో ఏమన్నా రోగముండాదా?"

"నాకా? రాళ్ళు తిన్నా అరిగిచ్చుకునే ఒళ్ళప్పా ఇది. ఏం శెట్టీ, అట్లడుగుతాండావు?"

"అయితే ఈ సీసా పట్టు. అరటి చెట్ల చాటుకు పోయి నింపుకోని రా."

సంగతి విని ఓబుల్‌రెడ్డి తలపాగా ఊడిపోయేదాకా నవ్వాడు. రెండోసారి అడగనవసరం లేకుండానే సీసా అంచుల దాకా నింపి తెచ్చాడు. "పో, మీ డాక్టరు దీన్ని చూసి, ఇట్లాంటి ఒళ్ళు జిల్లాలోనే ల్యాదని దండం పెడతాడు," అన్నాడు.

బస్సులో నాగసుబ్బయ్య హాయిగా కూర్చున్నాడు. కిటికీ పక్కన కూర్చుని కూనిరాగం కూడా తీశాడు. "ఏమండీ, శానా హుషారుగా ఉండారే," అంది రాజ్యలక్ష్మమ్మ. "పథ్యం మహిమే," అన్నాడాయన.

డాక్టరు నీలం మందు పోశాడు. చుక్కలు వేశాడు. కాచాడు. నీలం పచ్చ కాకుండానే, పసుపు దగ్గర ఆగకుండానే, ఒక్కసారిగా ఇటుక రంగుకు పోయింది. గొట్టం అడుగున ఎర్రటి మడ్డి పేరుకుంది.

డాక్టరు గొట్టాన్ని వెలుతురుకు పట్టి చూశాడు. ఇంకోసారి చేసి చూశాడు. "నాగసుబ్బయ్యగారూ, మొదటిసారికంటే ఎక్కువైంది. ఏం తిన్నారు మీరు?"

"ఇది నాది కా..." అని మొదలుపెట్టి నాగసుబ్బయ్య నోరు మూసుకున్నాడు.

రాజ్యలక్ష్మమ్మ ఆయన వైపు చూసింది. తిరుగు బస్సులో కిటికీ పక్కన ఈసారి ఆమే కూర్చుంది.  మరునాడు పొద్దున ఆయన అంగడికి పోయేసరికి గద్దె మీద ఆమె కూర్చుని ఉంది. తక్కెడ ఆమె చేతిలో ఉంది. బెల్లం దిమ్మెల మీద తడిపిన గోతం కప్పి ఉంది.

"మీరు ఆ చింతపండు తావ కూచోండి," అంది.

ఆయన చింతపండు దగ్గర కూర్చున్నాడు. ఆ రోజు మొదలుకుని ఆయన పథ్యం నిజమైన పథ్యమైంది. వేరే దారి లేదు. సిర్రాకు, నెయ్యి, వంకాయ, వెన్న, టెంకాయ ముక్కలు, మీగడ పెరుగు. రోజులు గడిచేకొద్దీ విచిత్రంగా ఆకలి తగ్గింది. భోజనమైన వెంటనే ముంచుకొచ్చే నిద్ర రావడం మానేసింది. పంచె ముడి ఇంకాస్త లోపలికి బిగించవలసి వచ్చింది.

కానీ మనసు నిమ్మళంగా లేదు. ఆ ఎర్రటి మడ్డి కళ్ళ ముందు కదులుతూనే ఉంది. రెడ్డి తాగే చెంబుల కొద్దీ నీళ్ళు గుర్తొచ్చాయి. ఎప్పుడో పార తగిలి బొటనవేలికైన గాయం ఇంకా మానలేదని, గుడ్డ చుట్టుకుని తిరుగుతుండడం గుర్తొచ్చింది. ఒకనాడు తోటకు పోయి సంగతంతా చెప్పాడు.

ఓబుల్‌రెడ్డి మళ్ళీ నవ్వాడు. "నన్నే ఏమారుస్తావా శెట్టీ? నా సీసా యాడనో పారబోసి, నీదే పోసినావు. ఇప్పుడు నీకు తోడు ఒగడు కావాల, అంతేగదా?"

"నా మీద ఒట్టు, రెడ్డీ. నేను మార్చలా."

"మార్చేదానికే గదా నా తావకి వచ్చింది! మార్చలా అంటే ఎవురు నమ్ముతారప్పా?"

నాగసుబ్బయ్య ఇంటిదారి పట్టాడు. తిరిగి వస్తూ దారి పొడుగునా ఆలోచించాడు. రెడ్డికి ఏమైనా అయితే తనొక్కడికే తెలిసి ఊరుకున్నట్టవుతుంది. చెప్పాలంటే ముందు భార్యకు తన దొంగతనం చెప్పాలి. ఇంటికొచ్చి, ఆమె వెన్న చిలుకుతుంటే ఎదురుగా పీట మీద కూర్చుని, బెల్లం పలుకుల దగ్గర మొదలుపెట్టి అరటితోట దాకా అంతా చెప్పేశాడు.

రాజ్యలక్ష్మమ్మ కవ్వం ఆపింది. ఆయన తల వంచుకున్నాడు. మెల్లిగా తలెత్తి చూశాడు. ఆమె చెంగు నోట్లో కుక్కుకుని, భుజాలు అదిరేలా నవ్వుతోంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"జిల్లాలో ఎంతమంది ఉండారు, ఏరుకోని ఏరుకోని ఆ రెడ్డి దగ్గరికే పోయినారా?" అని, నవ్వు ఆపుకుని లేచింది. "మగోళ్ళకు మగోళ్ళు చెప్తే యాడ నమ్ముతారు? కృష్ణవేణమ్మతో నేను మాట్లాడతా ఉండండి."

కృష్ణవేణమ్మ ఓబుల్‌రెడ్డి భార్య. రాజ్యలక్ష్మమ్మ ఆమెకు వెన్నముద్ద ఇచ్చే నెపంతో పోయి, చెవిలో ఒకే మాట చెప్పి వచ్చింది. "మీ ఆయప్ప పొద్దున్నే దొడ్డి గోడ పక్కకు పోతాడు గదా. ఆయన వచ్చినాక పోయి చీమలుండాయేమో చూడు."

మరునాడు కృష్ణవేణమ్మ పోయి చూసింది. గోడ మొదట్లో చీమలు బారులు తీరి ఉన్నాయి. పెళ్ళికి వచ్చినట్టు ఇంకా వస్తూనే ఉన్నాయి.  భర్తను చెయ్యి పట్టుకుని లాక్కొచ్చి చూపించింది.

ఓబుల్‌రెడ్డి వంగి చూశాడు. మొహం ఎర్రబడింది. "ఇది శెట్టి పని! బెల్లం నీళ్ళు తెచ్చి చల్లిపోయినాడు. ఆయన అంగట్లో ఉండేదే బెల్లం గదా!"

"ఆయప్ప ఎందుకు చల్లుతాడు?"

"వానికి ఎగతాళి. నువ్వు గమ్మునుండు."

మరునాడు రెడ్డి గోడ దగ్గరికి పోలేదు. తోట అవతల రాతిబండ చాటుకు పోయాడు. అక్కడికీ చీమలొచ్చాయి. ఆ మరునాడు ఎవరికీ చెప్పకుండా, తోవలో రెండు మూడుసార్లు వెనక్కి తిరిగి చూసుకుంటూ, గుట్ట ఎక్కి పోయాడు. ఒక చెట్టు నీడన కూర్చుని తానే కాపలా కాశాడు. కాసేపటికి ఒక చీమ వచ్చింది. అది వెళ్ళి ఇంకొన్నింటిని పిలుచుకొచ్చింది. అంత ఎత్తు గుట్టను నాగసుబ్బయ్య తన పొట్ట మోసుకుని ఎక్కలేడని ఓబుల్‌రెడ్డికి తెలుసు. ఆయన చాలాసేపు ఆ చీమలను చూస్తూ కూర్చున్నాడు. తరువాత కాలి గుడ్డ విప్పి, మానని వేలును చూసుకున్నాడు.

ఆ పూట అంగడికి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. తలపాగా చేతిలో ఉంది. "శెట్టీ, కడపకు బస్సు ఎప్పుడప్పా?" అని మాత్రం అడిగాడు.

నాగసుబ్బయ్య వెంట పోయాడు. గొట్టంలో ఇటుక రంగు రాగానే డాక్టరు ఒక్క క్షణం దాన్ని చూసి, రెడ్డిని చూసి, చింతపండు మొహం పెట్టుకుని పక్కన కూర్చున్న నాగసుబ్బయ్యను చూశాడు.

"ఈ ఎరుపును ఇంతకుముందొకసారి నేను చూసినట్టున్నాను," అన్నాడు. "పోనీలెండి. ఇక మీదట ఎవరి సీసా అయినా ఇక్కడే, నా గది పక్కనే నింపాలి."

ఓబుల్‌రెడ్డి వేలిని డాక్టరు కడిగి, మందు వేసి, కట్టు కట్టి, పథ్యం చెప్పాడు. సంగటి లేదన్న మాట వినగానే రెడ్డి కుర్చీలోంచి లేచాడు. "సంగటి ల్యాకుండా పులుసు దేంతో తినాల? పులుసు చేతిలో నిలబడుతుందా సామీ?"

"పులుసు తాగండి. ముక్కలు తినండి. నాటుకోడి, పొట్టేలు మాంసం, గుడ్లు, చేపలు, మీకు ఏదీ అడ్డం లేదు. పక్కన ఆకుకూర మాత్రం ఉండాలి."

రెడ్డి మెల్లిగా మళ్ళీ కూర్చున్నాడు. "కోడి రోజూ తినొచ్చా?"

"తినొచ్చు."

"ఈ మాట మా ఇంటిదాని ముందర ఇంకొగసారి చెప్తారా?"

అట్లా వేంపల్లెలో రెండు పథ్యాలు మొదలయ్యాయి. రెడ్డి ఇంటి పెరట్లో కోళ్ళు తగ్గడం మొదలుపెట్టాయి. కృష్ణవేణమ్మ చుక్కాకులో మాంసం వేసి వండేది, గుడ్లు ఉడికించి మిరియాలు చల్లేది. అయినా మొదటి వారం రెడ్డికి ప్రాణం సంగటి మీదనే కొట్టుకుంది. కూలీలు తోటలో ముద్దలు విప్పుకుంటే వాసన పీల్చడానికి వాళ్ళ మధ్యకు పోయి కూర్చునేవాడు. తల తిరిగితే ఉప్పు మజ్జిగ తాగించడానికి నాగసుబ్బయ్య వచ్చేవాడు. రోగం తనకు ముందొచ్చింది కనుక తానే పెద్ద అన్నట్టు సలహాలు చెప్పేవాడు.

ఇద్దరిలో ఎవరికీ ఇంకొకరి మీద నమ్మకం లేదు. నాగసుబ్బయ్య వేళగాని వేళ తోటకు పోయి, రెడ్డి చేతులు వాసన చూసేవాడు. రెడ్డి అంగడి ముందు నిలబడి, "నాలుక చాపు శెట్టీ," అనేవాడు. నడిబజారులో ఇంత లావు వ్యాపారి నాలుక చాపి చూపిస్తుంటే వచ్చేపోయేవాళ్ళు నిలబడి చూసేవాళ్ళు. ఇద్దరికీ తెలియనిదేమంటే, వాళ్ళ కంటే ముందే వాళ్ళ భార్యలు పొద్దున్నే నీళ్ళబావి దగ్గర కలుసుకుని, ఎవరేం తిన్నదీ ఒకరికొకరు చెప్పేసుకునేవాళ్ళు.

ఒకసారి రెడ్డి చుట్టాల పెళ్ళికి ప్రొద్దుటూరు పోయి, బెల్లం పూర్ణం పెట్టిన ఓళిగలు తిని వచ్చాడు. ఒక్కటే తిన్నానన్నాడు. "ఒగటా?" అంది కృష్ణవేణమ్మ. ఆమె గొంతు విని, రెండన్నాడు. ఆమె దొడ్డి వైపు చూసేసరికి, ఆగకుండా నిజం చెప్పేశాడు. ఆ తరువాత మళ్ళీ తప్పలేదు. వేలి గాయం అంచుల నుంచి మానుకుంటూ వచ్చింది. రెడ్డికి దానిమీద ఎంత ముద్దంటే, దారిన పోయేవాళ్ళను ఆపి వేలు చూపించేవాడు.

ఎండలు ముదరకముందే నలుగురూ కలిసి కడపకు పోయారు. డాక్టరు గది పక్కనే సీసాలు నిండాయి. భార్యలిద్దరూ తలుపు దగ్గర నిలబడ్డారు. నాగసుబ్బయ్య గొట్టం కాచినంతసేపూ నీలంగానే ఉండిపోయింది. డాక్టరు కాసేపు ఆగి ఇంకాస్త కాచాడు. నీలమే. రాజ్యలక్ష్మమ్మ రెండు చేతులూ కళ్ళకద్దుకుంది. రెడ్డిది లేత పచ్చగా మారి అక్కడే ఆగింది.

"శానా మెరుగు," అని డాక్టరు వాళ్ళ మాటలోనే అన్నాడు. "ఇద్దరూ ఇట్లాగే సాగండి. వేలు చూపించండి... ఆఁ, మానింది."

"పైరు పచ్చగుంటేనే గదప్పా మంచిది," అని రెడ్డి దారంతా వాదించాడు. "నీలం పైరు యాడన్నా చూసినావా శెట్టీ?"

ఆకలిగా ఉంది. బస్సుకు ఇంకా పొద్దుంది. బజారులో ఒకే ధరకు కడుపునిండా భోజనం పెడతామని బోర్డు రాసుకున్న హోటలు కనిపిస్తే నలుగురూ లోపలికి పోయారు. హోటలు యజమానే అన్నం గంప పట్టుకుని వరసలోకి వచ్చాడు. మగవాళ్ళిద్దరూ విస్తరి మీద చేతులు అడ్డం పెట్టారు.

"మాకు అన్నం వద్దు. కూరలు వెయ్యి సామీ," అన్నాడు నాగసుబ్బయ్య.

అన్నం మిగిలిందని యజమాని మొహం వికసించింది. సంతోషంగా ఆకుకూర వేశాడు, వంకాయ వేశాడు, పైన నెయ్యి వేశాడు. తిరిగి చూసేసరికి విస్తళ్ళు ఖాళీ. మళ్ళీ వేశాడు. మళ్ళీ ఖాళీ. ఆకుకూర గిన్నె అడుగు కనిపించింది. వంకాయ కూర ఇంకో గిన్నె తెప్పించాడు, అదీ సగమైంది. మీగడ పెరుగు గిన్నె వచ్చింది, పోయింది. నేతి చెంబును వంచితే చివరికి చుక్క రాలడం మానేసింది.

"ఇంగా కొంచెం నెయ్యి ఉంటే ఆయనకు పోయండి," అని పక్క వరస నుంచి రాజ్యలక్ష్మమ్మ గుర్తుచేసింది.

యజమాని గిన్నె కింద పెట్టి, చేతులు జోడించాడు. "సామీ, మీకు పుణ్యముంటాది. ఒగ పిడికెడు అన్నం తినండి. వేడివేడిగా ఉండాది."

"డాక్టరు ఒప్పుకోడప్పా," అన్నాడు ఓబుల్‌రెడ్డి, దోసకాయ ముక్క నములుతూ.

"ఇట్లాంటి రోగులు మీ ఊర్లో ఇంగా ఎంతమందుండారు సామీ?"

నాగసుబ్బయ్య తీరిగ్గా చెయ్యి కడుక్కుని, పంచె ముడి సరిచేసుకున్నాడు.

"ఇప్పుడిప్పుడే మొదలయింది," అన్నాడు. "వచ్చే నెల మళ్ళీ వస్తాం. వంకాయలు ఇంగ కొంచెం ఎక్కువ తెప్పించి పెట్టు."